టికియాపారా నీళ్లకు జవాబుదారు ఎవరు?

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో కోల్‌కతా వెళ్లే తెలుగువారికి హౌరాకు ముందు కిటికీలోంచి కనిపించే ఆఖరి స్టేషన్ టికియాపారా. భారీ వాన కురిస్తే అక్కడి రైల్వే కార్‌షెడ్ నీట మునుగుతుంది. రైళ్ల ఆలస్యం వార్తవుతుంది. చుట్టుపక్కల ఇళ్లలో చేరిన మురుగునీటికి ఆ వార్తలో చోటు తక్కువ.

ఆ నీటి గురించి నిలదీయడానికి కార్పొరేటరైనా ఉండాలి కదా! హౌరా నగరపాలక సంస్థకు 2013లో ఎన్నికలు జరిగాయి. 2018 డిసెంబరులో గడువు తీరాక, ఏళ్ల తరబడి పాలన ప్రభుత్వం నియమించినవారి చేతుల్లోనే సాగింది. ఈలోగా 2024 మార్చిలో హుగ్లీ నది అడుగున మెట్రో నడిచింది. నది కింద రైలు సాధ్యమైనచోట మురుగుకాలువ అసాధ్యమంటే ఎవరు నమ్ముతారు? మరుసటి ఏడాది మార్చిలో అదే హౌరాలో బెల్గాఛియా చెత్తదిబ్బ కుంగి ఇళ్లు బీటలు వారాయి.

పశ్చిమ బెంగాల్ 2016లో కేంద్ర స్మార్ట్ సిటీల పథకం నుంచి తప్పుకుంది. పథకంలో చేరినచోట వెలగబెట్టిందేమిటి? 2016 జనవరిలో తొలి 20 నగరాల జాబితాలో విశాఖ చేరేనాటికి అక్కడ ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2012లో గడువు తీరితే, ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో! పథకం అమలు బాధ్యత మాత్రం కంపెనీగా నమోదైన ప్రత్యేక సంస్థది. అందరినీ కలుపుకొనే నగరమని ప్రణాళికల్లో రాసుకున్న పాలకులు, ఆ అందరికీ తొమ్మిదేళ్లు ఓటెందుకు దక్కలేదో ఇప్పటికైనా చెప్పాలి.