ఊరి నడుమ ముప్పై సెంట్లు

నా ఇల్లు సర్కారుకు అమ్ముతానంటే మావూరు ఉలిక్కిపడింది. ఇల్లు నాది. దస్తావేజు నా పేరనే ఉంది. పేదోళ్ల ఇళ్లకు స్థలం కావాలన్నది సర్కారు. మధ్యలో ఊరికెందుకు నొప్పి?

1996లో కొన్నానీ ఇల్లు. కరణంగారి వారసులు హైదరాబాదు పోతూ అమ్మారు. పెంకుటిల్లూ దొడ్డీ కలిపి ముప్పై సెంట్లు. పంతులుద్యోగం మీద తీసిన లోనూ, మా అమ్మ మెళ్లో గొలుసూ అందులో ఉన్నాయి. రిజిస్ట్రేషనయ్యేదాకా కొన్నదెవరో ఊరికి తెలీదు. తెలిశాక ఆర్నెల్లపాటు వీధి కుళాయి కాడ మా ఆవిడ బిందె ఒంటరిగా నిలబడింది.

తర్వాత్తర్వాత ‘మాస్టారూ’ అన్నారు. మాస్టారూ అంటూనే ‘నువ్వు’ అన్నారు. “మీవాళ్లందరిలాంటోడివి కాదులే, నువ్వు వేరు” అన్నారు. ఆ మాటకు లోలోపల సంతోషపడ్డానని ఒప్పుకోడానికి ఇవాళ సిగ్గుగా ఉంది. నేను వేరైతే, మాలపల్లెలో ఒక్క గదిలో ముగ్గురు కొడుకుల్నీ కోడళ్లనీ పెట్టుకున్న మా చిన్నాన్న ఎవరు?

2020లో ఇళ్ల పట్టాల కోసం స్థలాలు వెతికారు. పల్లెటూళ్లలో మనిషికి సెంటున్నర, అంటే డెబ్బైరెండు గజాలు. పట్టణాల్లో సెంటు. సర్కారు భూమి లేనిచోట ప్రైవేటు భూమి కొంటారన్నారు. మా ఆవిడ పోయింది. పిల్లలు పట్నంలో ఉన్నారు. ఇంత దొడ్డి నాకెందుకని అర్జీ పట్టుకుని తహశీల్దారు ఆఫీసుకెళ్లా. రిజిస్ట్రేషన్ విలువకే ఇస్తానన్నా. దారులు పోను పదిహేనిళ్లు పడతాయని కొలతలేసి చూపించా.

ఆఫీసరు అర్జీ చదివి కళ్లజోడు తీశాడు. “ఊరి నడిమధ్యనా మాస్టారూ? రేపేదన్నా గొడవైతే?”

కొన్నది చివరికి శ్మశానం పక్క పల్లపు చేను. వానొస్తే మోకాల్లోతు నీళ్లు. అక్కడ పసిపిల్లని పాము కరిస్తే ఎవరు చూస్తారని ఏ ఆఫీసరూ అడగలేదు.

అర్జీ పెట్టిన రాత్రే వీధి పెద్దలు మా అరుగు మీదికొచ్చారు. అన్నేళ్లలో ఎన్నడూ మా గడప తొక్కనివాళ్లు! “సర్కారిచ్చేదానికి రెట్టింపు మేమిస్తాం. నువ్వొక్కడివి ఉన్నావు, కాదన్నామా? అంతమందిని తెచ్చి పెడతానంటే ఎట్లా మాస్టారూ?”

ఇన్నేళ్ల లెక్క అప్పుడు తేలింది. నేనొక్కణ్ణే ఉంటే వాళ్ల మంచితనానికి సాక్ష్యం. పదిహేను కుటుంబాలొస్తే కుళాయి కాడ సగం బిందెలు మావే.

చట్టం లేదా అంటే ఉంది. ముందు 1894 చట్టం ఉండేది, 2014 నుంచి 2013 చట్టం. ప్రజల అవసరమంటే ఎవరి భూమైనా తీసుకోవచ్చు. ఆ అవసరం మా డి-ఫారం పట్టా చెక్కలు కనపడితేనే గుర్తొస్తుంది! మేం అమ్మబోతే 1977 చట్టం చూపించి అసైన్డు భూమి అమ్మకూడదంటారు. వాళ్లు తీసుకునేటప్పుడు అది సర్కారుదేనంటారు. పట్టా భూమితో సమానంగా దానికీ పరిహారం ఇమ్మని చెప్పడానికి 2004లో హైకోర్టు కావాల్సొచ్చింది. మరి నాది అసైన్డు కాదే. కొనుక్కున్న భూమి. నేనే ఇస్తానన్నా. అక్కర్లేదట!

పల్లెలో మావాడే ఒకడన్నాడు: “అంబేద్కరే మనకు వేరే ఊళ్లు కావాలన్నాడు గదా అన్నా?” అన్నాడు తమ్ముడూ. 1947లో రాజ్యాంగ సభకిచ్చిన మెమొరాండంలో అడిగాడు. సాగు చేసుకునే భూమితో సహా ఊళ్లకు ఊళ్లే అడిగాడు, మన కాళ్ల మీద మనం బతకడానికి. శ్మశానం పక్కన సెంటున్నర అడగలేదు. పొద్దున్నే లేచి మళ్లా అదే ఆసామి చేలోకి కూలికి పొమ్మని అడగలేదు. ఊరికి దూరంగా పెట్టి ఊరి చాకిరీకి దగ్గరగా ఉంచేదాన్ని వెలివాడ అనే అంటారు. కాలనీ అని బోర్డు రాసినంత మాత్రాన పేరు మారదు.

నా అర్జీకి జవాబు రాలేదు. 2024లో ప్రభుత్వం మారింది. మళ్లీ అర్జీ పెట్టా. దానికీ లేదు.

రెట్టింపు ధర ఇంకా నడుస్తోంది. తీసుకొమ్మని మా పిల్లలూ అంటున్నారు. తీసుకోను. ఈ ఉగాదికి మా చిన్నాన్న కొడుకులు ముగ్గుర్నీ దొడ్లో పాకలేసుకొమ్మన్నా. గుంజలు పాతారు. సర్కారు కొనేదాకా ఆగం.

కుళాయి కాడ ఇప్పుడు మావి నాలుగు బిందెలు.