డీఎన్ఏ సోర్స్ కోడే అయితే మొగ్గ ఎక్కడ రాసుంది?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి జీవశాస్త్రం అనగానే ఠక్కున నోటికొచ్చే మాట ఒకటుంది: "డీఎన్ఏ అంటే సోర్స్ కోడ్, కణం అంటే దాన్ని నడిపే మెషీన్." వినడానికి బానే ఉంటుంది. నా మటుకు నాకు ఈ పోలిక సగం దూరమే వస్తుందనిపిస్తుంది. అది చూపించడానికి బ్రెడ్డు పొంగించే ఈస్టు చాలు.

ఈస్టు కణం నడిమికి చీలదు. ఒంటిమీద ఒకచోట మొగ్గ వేస్తుంది. ఆ మొగ్గే పెరిగి పిల్ల కణమై విడిపోతుంది. ఇంచుమించు గుండ్రంగా ఉండే కణంలో ఆ 'ఒకచోటు' ఎలా తేలుతుంది?

ఇందులో ముఖ్యమైంది సీడీసీ42 అనే ప్రోటీన్. ఇదో స్విచ్. జీటీపీ పట్టుకుంటే ఆన్, జీడీపీతో ఉంటే ఆఫ్. దాన్ని ఆన్ చేసేది సీడీసీ24. కణం పొర మీద ఆన్ అయిన సీడీసీ42 ఎక్కడుంటే అక్కడికి బెమ్1 అనే ఇంకో ప్రోటీన్, సీడీసీ24ని వెంటబెట్టుకుని వస్తుంది. అది చుట్టుపక్కల వాటినీ ఆన్ చేస్తుంది, దాంతో ఇంకొన్ని బెమ్1లు వస్తాయి. ఉన్నవాడికే మళ్ళీ పెట్టడం అన్నమాట. సరుకు పరిమితం కాబట్టి రెండు మూడు గుంపులు మొదలైనా, పెద్దది మిగతావాటిని ఖాళీ చేసేస్తుంది. ఆ గెలిచిన చోటుకే యాక్టిన్ తీగల మీదుగా సామాను చేరుతుంది, మొగ్గ లేస్తుంది. కోఆర్డినేటర్ లేని లీడర్ ఎలక్షన్!

"పాత మొగ్గల మచ్చలు దారి చూపిస్తాయిగా?" అంటారేమో. చూపిస్తాయి. కానీ ఆ గుర్తుల్ని చదివే బడ్1 ప్రోటీన్‌ని తీసేసినా, మొగ్గ ఎక్కడపడితే అక్కడ వస్తుంది గానీ ఒక్కటే వస్తుంది. 2009లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు బెమ్1 పొర మీద మెల్లగా కదిలేలా మార్చి చూస్తే, కొన్ని కణాలు రెండేసి మొగ్గలు వేశాయి. అదీ జీన్ మార్చే కదా అంటారా? నిజమే. కానీ 'ఒక్కటే' అని రాసున్న లైనేదీ వాళ్ళు చెరపలేదు. మార్చింది వేగాన్ని. ఆ 'ఒక్కటే' అన్నది పోటీలోంచి పుట్టుకొచ్చింది.

ఈస్టు డీఎన్ఏ మొత్తం 1996లోనే చదివేశారు. సుమారు 6000 జీన్లు. భాగాల జాబితా చేతికొచ్చింది గానీ, మొగ్గ ఒక్కటే ఎందుకన్న జవాబు అందులో లేదు.

ఇదంతా మనకెందుకు? మనిషి సీడీసీ42ని ఈస్టులో పెట్టినా పని చేస్తుంది, అంత దగ్గరి చుట్టం. ఆ జీన్లో ఒక్క అక్షరం మారినా పిల్లల ఎదుగుదల దెబ్బతినొచ్చు. ఏ అక్షరం మారిందన్న దాన్ని బట్టి లక్షణాలూ మారిపోతాయి. అలాంటి రిపోర్టు పట్టుకున్న తల్లిదండ్రులకి "ఇదిగో బగ్గు, ఇదే ఫలితం" అని తేల్చి చెప్పేవాడు, సోర్స్ ఫైలు ఒకటే చూసి ప్రొడక్షన్లో ఏం జరుగుతోందో చెప్పేవాడి లాంటివాడే. అలాంటివాణ్ణి మన టీములో నమ్ముతామా? మరి డీఎన్ఏ దగ్గరికొచ్చేసరికి ఎందుకు నమ్ముతున్నాం?