బాస్కెట్‌బాల్ కూటమి: ఎవరికి చోటు?

హైటెక్ సిటీ నుండి గచ్చిబౌలి మీదుగా గండిపేట వరకును, ఇటు కూకటుపల్లి వరకును గల ప్రాంతమున విద్యాసంస్థలు దట్టముగా నెలకొనియున్నవి. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయమును, 1998లో ట్రిపుల్ ఐటీయును, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమును స్థాపింపబడినవి. 2002 జాతీయ క్రీడలకై గచ్చిబౌలిలో క్రీడాప్రాంగణము వెలసినది. మరుసటి యేట నాఫ్రో ఆసియా క్రీడలును హైదరాబాదుననే జరిగినవి. ఇరుగుపొరుగున నున్న యీ సంస్థల జట్లు ఏటేట నియమముగా తమలో తాము బాస్కెట్‌బాల్ ఆడుకొనుట కొక కూటమి యుండవలెనని మా యభిప్రాయము. అందెవరిని చేర్చవలెననునదియే అసలు చిక్కు.

1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా పుట్టి, నేడు భారత విశ్వవిద్యాలయముల సంఘముగా నున్న సంస్థ దక్షిణమండల పోటీలను నడపుచున్నది. అందు విశ్వవిద్యాలయమున కొక్కటే జట్టు, జట్టునకు పండ్రెండుగురు. కొలదిమంది విద్యార్థులు గల ట్రిపుల్ ఐటీకిని పండ్రెండుగురే. నూటికి పైబడిన అనుబంధ కళాశాలలు గల జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకును పండ్రెండుగురే. తక్కిన వేలమంది గతి యేమి? ఎన్నికైన వారికైనను, మొదట నోడినచో ఆ యేటి ఆట యంతటితో సరి. ఓడినవాడు వారము తిరుగకమున్నే మరల బంతి పట్టవలెను గదా! తమ జట్టువారిని జూచుటకు తోటివిద్యార్థులు నడచిపోగల దూరమున ఆట జరుగవలెను గదా!

ఈ ఆట 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించినది. అచటి విద్యాసంస్థల కూటముల చరిత్రము మనకు రెండు విధముల పనికివచ్చును. 1979లో ఏర్పడిన బిగ్ ఈస్ట్ కూటమిలో ఫుట్‌బాల్ ధనమును జూచు సంస్థలకును, బాస్కెట్‌బాలే ముఖ్యమను సంస్థలకును పొసగలేదు. 2013లో ఏడు కతోలిక సంస్థలు పేరుతో సహా వేరుపడి, తమవంటివేయగు బట్లర్, క్రైటన్, జేవియర్ అను మూడింటిని చేర్చుకొని, ప్రతి జట్టును ప్రతి జట్టుతో రెండేసి మార్లు ఆడునట్లు కట్టుబాటు చేసికొన్నవి. వానిలో నొకటియగు విల్లనోవా 2016లోను, 2018లోను దేశవిజేత యయ్యెను. ఇక పసిఫిక్ తీరమున 1915లో మొదలైన ప్రాచీనమైన కూటమి యున్నది. టెలివిజన్ సొమ్మునకై దానిలోని పండ్రెండింట పది సంస్థలు 2024లో తలయొక దారి పోయినవి. పసిఫిక్ గట్టునున్న స్టాన్‌ఫర్డు ఇప్పుడు అట్లాంటిక్ తీరపు కూటమిలో నాడుచున్నది! విద్యార్థి పుస్తకములు మూటగట్టుకొని ఖండమును దాటవలసి వచ్చినది.

కావున మొదటి నియమము సామీప్యము. సాయంకాలము తరగతులు ముగిసినపిదప బయలుదేరి, ఆడి, రాత్రి భోజనమునకు మరలి రాగల సంస్థలే యుండవలెను. సైబరాబాదు దారుల సంగతి పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఈ కొలతచే కందిలోని ఐఐటీయును, శామీరుపేట దాపున నున్న బిట్స్ ప్రాంగణమును తొలియేట వెలుపల నుండవలసినవే. పేరు ఘనమని వానికొరకు కూటమిని సాగదీయరాదు. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ చేరువలోనే యున్నను, దాని ముఖ్యమైన చదువు ఒక్క యేటిది. ఏటేట క్రొత్తవారితో జట్టు నిలువదు. ఆ సంస్థ ఆతిథ్యమిచ్చిన మేము సంతసింతుము.

హైదరాబాదు విశ్వవిద్యాలయము, ఉర్దూ విశ్వవిద్యాలయము, ట్రిపుల్ ఐటీ, గండిపేటలోని చైతన్యభారతి, మహాత్మాగాంధీ సాంకేతిక కళాశాలలు, ఇవి తప్పక చేరవలసినవి. కూకటుపల్లి విషయమున నొక హెచ్చరిక. అచటి విశ్వవిద్యాలయము తన అనుబంధ కళాశాలలన్నిటినుండి ఆటగాండ్ర నేరి తెచ్చిన న్యాయము కాదు. 1965లో నాగార్జునసాగర్ కళాశాలగా మొదలైన ప్రాంగణ కళాశాలయే తన విద్యార్థులతో రావలెను. చైతన్యభారతి ఉస్మానియాకు చెందినది, మహాత్మాగాంధీ కళాశాల కూకటుపల్లికి చెందినది. అయినను కూటమి కళాశాలలది గాని విశ్వవిద్యాలయములది గాదు.

స్త్రీల జట్టు లేని సంస్థకు పురుషుల జట్టుతో ప్రవేశము లేదనవలెను. ఇది కఠినమని కొందరందురు. షేక్‌పేటలోని నారాయణమ్మ స్త్రీల సాంకేతిక కళాశాల కేవలము స్త్రీల జట్టుతోనే రావచ్చును. దానికి పోటీ లేకుండ జేయుట మనకు శోభ గాదు.

మిగిలినది ప్రభుత్వ డిగ్రీ కళాశాలల మాట. ఆవరణము లేదు, వ్యాయామోపాధ్యాయుడు లేడు అని వీనిని త్రోసివేయుట సులభము. ఇరువదియెనిమిది మీటర్ల పొడవును, పదునైదు మీటర్ల వెడల్పును గల చదునునేల యింత భూమి గల విశ్వవిద్యాలయముల వద్ద దొరకకపోదు. వారానికి రెండు సాయంకాలములు పొరుగువారికిచ్చిన నెవరి సొమ్ము పోవును? ఎనిమిది చోట్లలో రెండు ఈ కళాశాలలకై మొదటనే నిలిపియుంచవలెను. తరువాత చూతమన్నచో ఆ తరువాత రాదు.

ధనము కావలసినదే. కంపెనీల పేర్లు చొక్కాలపై నుండవచ్చును గాని, ఎవరు చేరవలెనో నిర్ణయించుట వారి పని కారాదు. 2015లో పుట్టిన వృత్తి బాస్కెట్‌బాల్ లీగులో హైదరాబాదు స్కై అను జట్టుండెను. రెండుమూడేండ్లకే ఆ లీగు ఆగిపోయినది. పైనుండి తెచ్చిపెట్టిన మొక్కకు క్రింద మన్ను లేకపోయెను.

రాష్ట్ర క్రీడాప్రాధికార సంస్థ గచ్చిబౌలిలో ఈ సంస్థల వ్యాయామాధ్యక్షులను సమావేశపరచవలెను. డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లను తొలి సమావేశమునకే పిలువవలెను, జట్ల పట్టిక వ్రాసి ముగించిన పిదప గాదు.