ఆ నలభై నిమిషాలు ఎవరివి?

ఉగాది సంచికకి ఏదైనా రాయమని సంపాదకులు ఫోను చేసి, "డాక్టరు గారూ, ఆరోగ్యం మీద రాయండి, అందరికీ పనికొస్తుంది" అన్నారు. ఆరోగ్యం మీద డాక్టర్లు రాసేది ఎవరూ చదవరని నాకు తెలుసు. పక్క పేజీలో పులిహోర చేసే విధానం ఉంటే మరీను. అందుకని ఉపదేశం మానేసి, మా ఇంట్లో జరిగిన ఒక చిన్న తగాదా గురించి రాస్తున్నాను.

పదిహేనేళ్ళుగా నా దగ్గరకొచ్చే పేషెంట్లకి ఒకటే పాట పాడుతున్నాను: వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవండి, రెండు రోజులు కండరాలకి పని చెప్పండి అని. నేను మాత్రం కారు పార్కింగు నుంచి ఆస్పత్రి తలుపు దాకా నడిచేవాణ్ణి. నలభై నాలుగో ఏట నా రక్తపరీక్షలో ఎ1సి, అంటే మూడు నెలల షుగరు సగటు, 6.0 వచ్చింది. 6.5కి చేరితే మధుమేహం, 5.7 నుంచే దానికి గుమ్మం. మా నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది. అది గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"మీరు సన్నగానే ఉన్నారు కదండీ" అంటారు మిత్రులు. మనవాళ్ళు మోసపోయేది అక్కడే. అదే బరువున్న తెల్లవాళ్ళతో పోలిస్తే మనకి కండ తక్కువ, పొట్టలోపల కొవ్వు ఎక్కువ. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా వాళ్ళకి షుగరు పరీక్ష మొదలుపెట్టాల్సిన బి.ఎం.ఐ.ని 25 నుంచి 23కి దించింది. 5 అడుగుల 7 అంగుళాల మనిషికి 25 అంటే దాదాపు 160 పౌన్లు, 23 అంటే 147. ఒక్కసారి మీ బరువు చూసుకుని మళ్ళీ ఈ పేజీకి రండి.

సరే, మొదలుపెట్టాను. మేముండేది ఒహాయోలో, చలికాలం తెల్లవారుజామున వీధిలో నడిచే ధైర్యం నాకు లేదు. బేస్‌మెంటులో ట్రెడ్‌మిల్లు ఉంది కానీ దాని మీద ఆవకాయ సీసాలు, పాత సూట్‌కేసులు కాపురం ఉంటున్నాయి. దాని జోలికి పోకుండా చిన్నప్పుడు ఊళ్ళో చూసిన దండీలు, బస్కీలు మొదలుపెట్టాను. బరువుకి 20 పౌన్ల బియ్యం బస్తా. 5.30 నుంచి 6.10 దాకా, నలభై నిమిషాలు, ఒక్క రోజు తప్పకుండా. మూడు నెలల్లో తొమ్మిది పౌన్లు తగ్గాను. ఇక పార్టీల్లో నా ఉపన్యాసాలు మొదలయ్యాయి. "తీరిక దొరకదండీ, మనమే చేసుకోవాలి!"

ఒక శనివారం మిత్రుల ఇంట్లో భోజనాల దగ్గర ఇదే చెప్తుంటే, ఆ ఇంటి ఇల్లాలు మా ఆవిణ్ణి అడిగింది, "మరి మీరో వదినా?" అని. మా ఆవిడ పళ్ళెంలో గారెలు వేస్తూ, "ఈయన కింద చేస్తుంటే నేను పైన చేస్తున్నా కదా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు కార్లో మాత్రం ఎవరం నవ్వలేదు.

మర్నాడు లెక్క వేశాను. నా నలభై నిమిషాల్లో పైన జరిగేవి: కాఫీ, నాలుగు లంచి డబ్బాలు, కుక్కరు, డిష్‌వాషరు ఖాళీ చెయ్యడం, పిల్లని మూడుసార్లు లేపడం. ఆవిడా ఉద్యోగస్తురాలే, రాత్రి పదకొండు దాకా హైదరాబాదు టీముతో ఫోన్లు.

ఇంకో సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. రెండో కాన్పప్పుడు ఆవిడకి షుగరు వచ్చింది. అలా వచ్చినవాళ్ళకి ముందు ముందు మధుమేహం వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఏడాది నుంచి మూడేళ్ళకోసారి జీవితాంతం పరీక్ష చేయించుకోవాలి. ఈ మాట నేను నా పేషెంట్లకి గుర్తుచేస్తాను. మా అమ్మాయికి పదకొండేళ్ళు. మా ఆవిడకి ఆ పరీక్ష చేయించి తొమ్మిదేళ్ళు దాటింది. వెంటనే చేయిస్తే 6.3 వచ్చింది. నా కంటే ఎక్కువ.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో వ్యాయామానికి తీరిక ఆకాశం నుంచి ఊడిపడదని నా అభిప్రాయం. ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి వస్తుంది. పొద్దున్నే లేవమని చెప్పే పుస్తకాలు బోలెడు. లేచాక డబ్బాలు ఎవరు కట్టాలో ఆ పుస్తకాల్లో నాకు కనబడలేదు.

ఇంటిపని కూడా వ్యాయామమే కదా అని వాదించేవాళ్ళున్నారు. ఒక ఇంజనీరు మిత్రుడైతే 1953లో లాన్సెట్‌లో వచ్చిన జెరెమీ మోరిస్ పరిశోధన తీశాడు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువని తేల్చిన పరిశోధన అది. "మన ఇళ్ళలో కండక్టర్లు ఆడవాళ్ళే కదా" అన్నాడు. ఆ కండక్టరు పనిగంటల్లో మెట్లెక్కేవాడు నాయనా! మా ఆవిడ తొమ్మిది గంటలు కంప్యూటరు ముందు కూర్చుని, ఆపైన పొయ్యి ముందు నిలబడుతుంది. ఉప్మా కలిపితే కండ పెరగదు.

ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు నావి. మంగళ, గురు, శనివారాలు ఆవిడవి. ఇరవై అయిదు నిమిషాలే. మిగతాది చిల్లరగా పూరించుకుంటాం. ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలన్న పాత నియమాన్ని అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాలు 2018లో తీసేశాయి కనక, మెట్లెక్కిన రెండు నిమిషాలూ లెక్కలోకే వస్తాయి. రాత్రి భోజనమయ్యాక పావుగంట నలుగురం ఇంట్లోనే నడుస్తాం. కదిలే కండరం రక్తంలోని షుగర్ని నేరుగా లాక్కుంటుంది. తిన్నాక నడిస్తే అందుకే లాభం.

ఇదేమీ సాఫీగా సాగలేదు. మొదటి వారం పిల్లలకి మూడు రోజులు పెరుగన్నమే. అప్పుడు మా దగ్గరికొచ్చి ఉన్న మా అమ్మ, కొడుకు వంటింట్లో ఉండటం చూడలేక గిన్నెలు గట్టిగా పెట్టేది. మూడో వారానికి మా అబ్బాయి డబ్బా తనే కట్టడం మొదలుపెట్టింది. నా మీద జాలి కాదుట, పిల్లాడి మీద.

కార్యవర్గం వారు కోపగించుకోకపోతే ఒక్క మాట. మన వేసవి పిక్నిక్‌లో మగవాళ్ళకి క్రికెట్టు, వాలీబాలు. ఆడవాళ్ళకి ముగ్గుల పోటీ, ఇడ్లీల కౌంటరు. ఈసారి రెండు గంటలు కౌంటరు మాకిచ్చి, వాలీబాలు వాళ్ళకివ్వండి. ఇడ్లీలు గట్టిగా వస్తే ఆ పూచీ నాది.

ఆరు నెలల తర్వాత ఆవిడది 6.0, నాది 5.8. ఇంకా గుమ్మంలోనే ఉన్నాం. ఇది మంగళవారం పొద్దున రాస్తున్నాను. కింద బియ్యం బస్తా నేల మీద దించిన చప్పుడైంది. కుక్కరు మూడు కూతలు వేసిందో నాలుగో, రాస్తూ లెక్క మర్చిపోయాను.