తుపాకీ లేని ‘ఫౌజీ’

2021 జనవరి 26. టీవీలో ఢిల్లీ పరేడ్‌ నడుస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లంతా శకటాలు చూస్తున్నారు. పిల్లాడి చూపు మాత్రం ఫోన్‌ మీదే. డౌన్‌లోడ్‌ గీత మెల్లగా ముందుకు జరుగుతోంది. ‘నీకు వచ్చిందా?’... ‘ఇంకా లేదురా!’ స్నేహితుల మధ్య మెసేజ్‌లే మెసేజ్‌లు. ఆరోజు ఎన్నో ఇళ్లలో ఇదే సీను. అయిదు నెలలుగా ఊరించిన ‘ఫౌజీ’ ఆట వచ్చేసింది మరి!

సాయంత్రానికల్లా చాలామంది మొహాలు వేలాడేశారు. వారం తిరక్కముందే ప్లేస్టోర్‌లో దాని రేటింగ్‌ అయిదుకి మూడు దరిదాపులకు జారిపోయింది. అంత ఎదురుచూసిన ఆట మొదటి చూపులోనే ఎందుకు నచ్చకుండా పోయింది?

రచ్చబండ మూతపడింది

2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ మొబైల్‌ ఒకటి. వందమంది విమానంలోంచి ఓ దీవి మీదికి దూకడం, దొరికిన తుపాకులు ఏరుకోవడం, చివరిదాకా మిగిలినవాళ్లు గెలవడం... ఇదీ ఆట. కానీ కుర్రాళ్లకు అది కాల్పుల ఆట మాత్రమే కాదు. నలుగురు స్నేహితులు జట్టుకట్టి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కబుర్లాడుకునే రచ్చబండ. కరోనా రోజులవి. బడి లేదు, గ్రౌండ్‌ లేదు. కలుసుకునే చోటు అదొక్కటే. అదీ పోయింది.

సరిగ్గా రెండు రోజులకు నటుడు అక్షయ్‌కుమార్‌ ట్విటర్‌లో ఓ కబురు చెప్పారు. బెంగళూరు సంస్థ ఎన్‌కోర్‌ గేమ్స్‌ ‘ఫౌ-జీ’ అనే ఆట తెస్తోందనీ, నికర ఆదాయంలో 20 శాతం ‘భారత్‌ కే వీర్‌’ నిధికి ఇస్తుందనీ! ఇంకేం... ‘మన పబ్జీ వచ్చేస్తోంది’ అనుకున్నారు పిల్లలు. దసరాకి టీజర్‌ వచ్చింది. అందులో సైనికులు చేతులతో కలబడుతున్నారు. ఆ సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నవంబరు 30న ముందస్తు నమోదు మొదలుపెడితే, 24 గంటల్లోనే 10 లక్షలమందికి పైగా పేర్లిచ్చారు.

తీరా తెరిచి చూస్తే...

గల్వాన్‌ లోయ. చుట్టూ కొండలు. ఒంటరి సైనికుడు. ఎదురొచ్చిన శత్రువును పిడికిళ్లతోనో, చేతికి దొరికిన ఆయుధంతోనో కొట్టాలి. దెబ్బలు తగిలితే చలిమంట దగ్గర కూర్చుని కోలుకోవాలి. కాసేపయ్యేసరికి మళ్లీ అవే గుద్దులు, అదే తంతు. తుపాకీ ఏదీ? లేదు. అంతకన్నా పెద్ద లోటు... పక్కన స్నేహితుడు లేడు. జట్టుగా ఆడే విభాగాల మీద ‘త్వరలో’ అని మాత్రం రాసుంది.

తుపాకీ లేదని విసుక్కున్నవాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. 2020 జూన్‌ 15 రాత్రి గల్వాన్‌లో జరిగిన పోరు తుపాకులతో జరిగింది కాదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదన్నది భారత్‌, చైనాల మధ్య 1996 నాటి ఒప్పందం. రాళ్లు, కర్రలు, ఉత్తి చేతులతోనే కలబడ్డారు. మనవాళ్లు 20 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లకు నాయకత్వం వహించిన కర్నల్‌ సంతోష్‌బాబుది సూర్యాపేట. ఆయనకు మహావీరచక్ర ప్రకటించింది సరిగ్గా ఈ ఆట విడుదలకు ముందురోజే. ‘తుపాకీ లేకుండా ఇదేం యుద్ధం?’ అని పిల్లాడు ఫోన్‌ పక్కన పడేసినప్పుడు, ఆ రాత్రి సంగతి చెప్పిన ఇళ్లు ఎన్నో!

ఎవరితో ఆడతావు?

అలాగని పిల్లలదే తప్పనీ అనలేం. కథ నిజమైనంత మాత్రాన ఆట బాగున్నట్టు కాదు. పైగా వాళ్లు వెతుక్కుంటూ వచ్చింది పోయిన రచ్చబండని. దొరికింది ఒంటరి కాపలా. జట్లుగా తలపడే విభాగం 2021 జూన్‌లో ప్రయోగాత్మకంగా వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. జులై 2న పబ్జీయే ‘బ్యాటిల్‌గ్రౌండ్స్‌ మొబైల్‌ ఇండియా’గా పేరు మార్చుకుని తిరిగొచ్చింది, 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలే అన్న షరతుతో. పాత జట్లన్నీ మళ్లీ అక్కడికే చేరాయి. 2025 జనవరి చివర్లో వచ్చిన ‘ఫౌజీ: డామినేషన్‌’ మాత్రం మొదటిరోజు నుంచే జట్టు పోరుతో దిగింది. పాఠం బాగానే వంటబట్టినట్టుంది!

కొత్త ఆట కోసం ఇంట్లో పిల్లాడు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తుంటే, ‘ఎంతసేపు ఆడతావు?’ అని అమ్మానాన్నలు ఎలాగూ అడుగుతారు. దానికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది...

‘ఎవరితో ఆడతావు నాన్నా?’