ప్లేబాక్ లేని పాట వినాలంటే...

సెలవులకి ఎక్కడికెళ్దామంటే మనవాళ్ళు ఊటీ అంటారు, కొడైకెనాల్ అంటారు. చేతిలో కాస్త డబ్బాడేవాళ్ళు సింగపూర్ అంటారు. ఈ వారం మీకో కొత్త పేరు చెబుతాను, రాసి పెట్టుకోండి. జాంజిబార్!

ఆఫ్రికా ఖండానికి తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న దీవి. టాంజానియా దేశంలో భాగం. దార్ ఎస్ సలామ్ రేవులో స్టీమరెక్కితే సుమారు రెండు గంటల ప్రయాణం. లవంగాలకి పెట్టింది పేరు. ఉత్తరాన నుంగ్వి, తూర్పున పాజే. తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, నీలమో పచ్చో తేల్చుకోలేని నీళ్ళు. డ్యూయెట్ తీయడానికి సెట్టింగు కూడా అక్కర్లేదు!

నేను వెళ్ళింది ఒక ఫిబ్రవరిలో. మూడు రోజులు హాయిగా గడిచాయి. తినడం, ఈదడం, చెట్టు నీడన పడుకోవడం. నాలుగో రోజుకి ఒంటికి విశ్రాంతి ఎక్కువైపోయి చెవులకి ఆకలి పుట్టింది. హోటల్లో కుర్రాడు ఆ సంగతి కనిపెట్టాడు కాబోలు, ‘స్టోన్ టౌన్ వెళ్ళండి, పాటల పండగ జరుగుతోంది’ అన్నాడు.

స్టోన్ టౌన్ అంటే ఆ దీవి పాతపట్నం. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాల్సిన సందులు, ఇత్తడి బుడిపెలు కొట్టిన పెద్ద పెద్ద తలుపులు. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. సముద్రానికి ఎదురుగా ఒక పాత కోట ఉంది. పోర్చుగీసువాళ్ళని వెళ్ళగొట్టాక 17వ శతాబ్దం చివర్లో ఒమాన్ అరబ్బులు కట్టారు. ఒకప్పుడు అందులో ఖైదీలని కూడా ఉంచారు. ఇప్పుడు ఫిబ్రవరి వస్తే గాయకుల్ని పిలిచి పాడిస్తారు. కాలమహిమ!

పండగ పేరు ‘సౌతి జా బుసారా’. స్వాహిలీ భాషలో ‘వివేకపు స్వరాలు’ అని చెప్పుకోవచ్చు. మొదటిసారి జరిగింది 2004లో. ఆఫ్రికా నలుమూలల నుంచీ వాద్యబృందాలు వస్తాయి. స్థానికులకి టికెట్ తక్కువ, బయటి దేశంవాళ్ళకి ఎక్కువ. ఆ తేడా నాకు న్యాయంగానే తోచింది. ఊళ్ళోవాళ్ళు లేని ఊరి పండగ ఏం పండగ?

* * *

సినిమా పత్రిక చదివే మీకు చెప్పాల్సిన ముచ్చట ఇప్పుడొస్తోంది.

మన తెర మీద హీరోయిన్ పెదవులు కదుపుతుంది, గొంతు సుశీలగారిది. అది మన చిత్రసీమ పెంచుకున్న గొప్ప కళ. కాని ఈ మధ్య స్టేజీ మీద కూడా టేపు తిప్పి మైకు ముందు పెదవులాడించడం అన్ని దేశాల్లోనూ అలవాటైపోయింది. ఈ కోటలో ఆ పప్పులుడకవు. నూటికి నూరుపాళ్ళూ ప్రత్యక్ష సంగీతమే, అదే ఇక్కడి షరతు. గొంతు జీరపోతే ఆ జీరే వినాలి. వీణకి తెగినట్టు తీగ తెగితే ముడి వేసేదాకా మనమూ ఆగాలి. అలా ఆగినప్పుడు పక్కనున్న డోలు కళాకారుడు ఊరుకోడు, తాళం అందుకుంటాడు. జనం చప్పట్లతో అతన్ని అందుకుంటారు. రికార్డింగ్ థియేటర్లో ఆ నిమిషం పుట్టమన్నా పుట్టదు.

ఆ దీవి సొంత సంగీతాన్ని ‘తారబ్’ అంటారు. ‘తరబ్’ అనే అరబ్బీ మాటకి పాట వింటూ ఒళ్ళు మరిచిపోవడమని అర్థం. వయొలిన్లు, అకార్డియన్, ఊద్, ఒళ్ళో పెట్టుకుని మీటే ఖానూన్... అది మన స్వరమండలానికి దూరపు చుట్టంలా ఉంటుంది. పాట నింపాదిగా సాగుతుంది. తమాషా అంతా శ్రోతల్లో ఉంది. రంగురంగుల బట్టల్లో ఆడవాళ్ళు కూర్చుని వింటుంటారు. పాటలో ఒక మాట ఎవరి మనసుకైనా తగిలిందా, ఆవిడ లేచి వయ్యారంగా నడుచుకుంటూ వెళ్ళి గాయని చేతిలో నోటు పెట్టి వస్తుంది. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళ వంక ఓ చూపు కూడా విసురుతుంది! సవతులకీ, పొరుగమ్మలకీ, మాట తప్పిన మగవాళ్ళకీ ఇలా పాటతోనే చురక పెడతారు. నోరు విప్పకుండా పోట్లాట! మన డైలాగు రచయితలు చూసి నేర్చుకోవచ్చు.

* * *

ఆ బాణీలు వింటుంటే ఎక్కడో విన్నట్టుందే అనిపిస్తుంది. అనిపించడం సహజమే. 1950, 60ల్లో స్టోన్ టౌన్ సినిమాహాళ్ళలో హిందీ చిత్రాలకి జనం విరగబడేవారు. ‘ఆవారా’ అంటే ప్రాణం పెట్టారు. ఆ వరసలకి స్వాహిలీ మాటలు కూర్చి తారబ్‌లో పాడుకున్నారు. ఇందులో వింతేముంది? రాజ్‌కపూర్ ‘ఆహ్’ తెలుగులో ‘ప్రేమలేఖలు’గా వచ్చినప్పుడు హిందీ వరసలకి ఆరుద్రగారు తెలుగు మాటలు కూర్చలేదూ? ఆ పాటలు మనవి కావని ఎవరనగలరు?

అసలు బొంబాయికీ ఈ దీవికీ పాట చుట్టరికం ఇంకా పాతది. సితి బింతి సాద్ అనే ఆవిడ కథ వినండి. బానిసలుగా బతికిన తల్లిదండ్రుల బిడ్డ. ఫుంబా అనే పల్లెలో పుట్టింది. తల్లి చేసిన కుండలు పట్నం తెచ్చి అమ్మేది. చదువు రాదు. గొంతు మాత్రం ఉంది. తారబ్ సుల్తానుల కొలువులో అరబ్బీ పాటగా ఉన్న రోజుల్లో ఆమె దాన్ని వీధిలోకి, జనం మాట్లాడే స్వాహిలీలోకి తెచ్చింది. 1928లో గ్రామఫోన్ కంపెనీ ఆమెని ఓడెక్కించి బొంబాయి తీసుకొచ్చి పాటలు రికార్డు చేసింది. మన టాకీ ఇంకా నోరు విప్పనే లేదు అప్పటికి! 1950లో ఆమె చనిపోయింది. బొంబాయిలో నల్లపళ్ళేల మీదికెక్కిన గొంతు మాత్రం మిగిలింది.

అన్నట్టు ‘క్వీన్’ బృందం ఫ్రెడ్డీ మెర్క్యురీ పుట్టింది కూడా ఇక్కడే, 1946లో, ఒక పార్సీ కుటుంబంలో. స్టోన్ టౌన్‌లో అతని పేర చిన్న మ్యూజియం ఉంది. కుర్రకారు ఫోటోలు తీసుకుంటున్నారు. సితి పేరు అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తున్నారు.

* * *

సితి పాటలు విని నేర్చుకున్న పిల్ల ఒకతె ఉండేది. ఫాతుమా బింతి బరాకా. లోకానికి బి కిడుదే. వయసెంతో ఆమెకే సరిగ్గా తెలియదు, నూరు దాటిందని చాలామంది నమ్మకం. ముసలితనంలో డోలు నడుముకి కట్టుకుని, వేళ్ళ మధ్య సిగరెట్టు పెట్టుకుని ఈ పండగలో పాడితే కుర్రాళ్ళు ఊగిపోయేవారట. 2005లో వోమెక్స్ పురస్కారం వచ్చింది. 2006లో ఆమె మీద ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. 2013 ఏప్రిల్ 17న ఆ గొంతు ఆగిపోయింది.

గొంతులు ఆగిపోతాయి, అది ఎవరి చేతిలోనూ లేదు. వేదిక ఆగిపోతేనే బాధ. 2016లో ఈ పండగ జరగలేదు. కారణం? డబ్బు చాలలేదు! సంగీతం ఉంది, గాయకులున్నారు, కోట ఉంది, దీపాలు వెలిగించే స్తోమత లేకపోయింది. 2017లో మళ్ళీ మొదలైంది. 2002లో పెట్టిన సంగీత పాఠశాల ఒకటి అక్కడ పిల్లలకి ఖానూన్, ఊద్ నేర్పుతోంది. నేర్చినవాడికి కూర్చుని వాయించడానికి ఒక చాప, వినడానికి నలుగురు మనుషులు ఉండాలి కదా!

బీచికి వచ్చేవాళ్ళలో చాలామంది విమానం దిగి తిన్నగా ఇసుకకి వెళ్ళిపోతారు, ఇసుక నుంచి తిన్నగా విమానానికి. స్టోన్ టౌన్ మొహం చూడరు. అందుకే అడుగుతున్నాను. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆ దీవికి వెళ్తే ఫిబ్రవరిలో వెళ్ళండి. పది రోజుల్లో మూడు సాయంత్రాలు కోటకివ్వండి. అది మసీదుల పట్నం కనుక వీధుల్లో భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవడం మర్యాద. పొద్దుగూకాక ఫోరోధాని తోటలో చెరుకురసం తాగండి. పక్కనే ఉరోజో అనే పులుపు పులుసు పోస్తారు. అందులో తేలే బజ్జీలు చూస్తే మనవాళ్ళెవరో ముందే వచ్చి వెళ్ళారని తెలిసిపోతుంది. తర్వాత టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళి, చేతనైతే ఒక నోటు పట్టుకుని గాయని దాకా నడవండి.

భయం లేదు, మన నడక చూసి ఎవరూ నవ్వరు. నవ్వినా ఫరవాలేదు, ఆ నోటుతో ఇంకో పాట వస్తుంది!

వచ్చేవారం మరో ఊరి కబుర్లు.