ఓరుగల్లు సాహిత్యచరిత్రలో ఆజంజాహి మిల్లు ఎక్కడ?

వరంగల్లు సాహిత్యచరిత్ర రచనకు ఒక బాట స్థిరపడిపోయింది. పాల్కురికి సోమనాథుడితో మొదలై పోతన మీదుగా 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయానికి, అక్కడినుంచి కాళోజీకి, 1966లో ప్రారంభమైన ‘సృజన’కు, 1970 నాటి తిరుగబడు కవులకు అది సాగుతుంది. ఈ బాటలో కోట ఉంది, కళాశాల ఉంది, జైలు ఉంది. మిల్లు మాత్రం లేదు. ఉన్నా, నేపథ్యమనే శీర్షిక కింద ఒక వాక్యానికి పరిమితమై ఉంటుంది.

1934లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన పెద్దకుమారుని పేరిట నెలకొల్పిన ఆజంజాహి మిల్లు 1974లో జాతీయ జౌళి సంస్థ అధీనంలోకి వెళ్లి, 2002లో మూతపడింది. అంటే నగరపు ఆధునిక సాహిత్యజీవితంలో అధికభాగం మిల్లు నడిచిన కాలంలోనిదే. ‘కాకతీయ పత్రిక’ వెలువడినప్పుడూ, మిత్రమండలి సమావేశాలలో కవితలు చదివినప్పుడూ, విప్లవకవిత్వం నగరాన్ని కుదిపినప్పుడూ మిల్లులో షిఫ్టులు మారుతూనే ఉన్నాయి. ఇంతటి సహజీవనం యాదృచ్ఛికమని భావించేవారే దానిని నిరూపించవలసి ఉంటుంది.

మిల్లును కేంద్రంగా చేసుకొని వెలువడిన ప్రసిద్ధ రచనలు ఎన్ని, అని ఒక ఆక్షేపణ వినవస్తుంది. ఇది వెతకకముందే తేల్చిన లెక్క. గ్రంథాలయ సూచికలలో చేరేది అట్టవేసిన పుస్తకం. కార్మికసంఘపు కరపత్రం, గేటు సభలో పాడిన పాట, సమ్మెకాలపు గోడరాత, సంఘ వార్షికోత్సవానికి ఎవరో రాసిచ్చిన నాటిక ఆ సూచికలకెక్కవు. సూచికలో లేనిదాన్ని సాహిత్యంలోనే లేనిదిగా ప్రకటించడం పరిశోధన అనిపించుకోదు. పైగా, మిల్లుపై ప్రసిద్ధ నవల రాలేదన్నది ఒకవేళ నిజమే అనుకొన్నా, అది ప్రశ్నను మూసివేయదు. రైతును, గిరిజనుని, విద్యార్థిని కవితావస్తువుగా స్వీకరించిన నగరం తన కళ్లెదుటి యంత్రకార్మికుని ఏ మేరకు స్వీకరించింది? స్వీకరించకపోతే, ఎందువల్ల? సాహిత్యచరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న ఇది.

భాషాపరిశోధనలోనూ ఇదే కొరత కనిపిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1971లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం రెండవ సంపుటం చేనేత పదాలను సేకరించి మహోపకారం చేసింది. కాని చేనేత ఇండ్లనుంచే మిల్లుకు వెళ్లినవారు, మగ్గం గుంటలోనుంచి యంత్రం ముందుకు వచ్చి, పాత పదాలలో వేటిని వెంట తెచ్చుకొన్నారు, జాబరు, బదిలీ కూలీ, బాబిను వంటి మాటలను నాలుకకు ఎట్లా మలచుకొన్నారు అన్నది ఆ సంపుటి పరిధిలోని విషయం కాదు. కొత్తవాడ మగ్గాలకూ మిల్లు షెడ్డుకూ నడుమ జరిగిన ఈ పదప్రయాణాన్ని చెప్పగలవారు ఇప్పుడు వృద్ధులు.

ముంబయి గిరణ్‌గావ్ విషయంలో మరాఠీ పరిశోధకులకు ఈ సంకోచం లేదు. మిల్లు కార్మికుని ఇంట పెరిగిన నారాయణ్ సుర్వే ‘మాఝే విద్యాపీఠ్’ సంపుటి 1966లో, అంటే ‘సృజన’ పుట్టిన ఏడాదే, వచ్చింది. ఆయన కవిత్వాన్ని మిల్లు వాడనుంచి విడదీసి బోధించడం అక్కడ ఊహకందదు. 1982 సమ్మె తరువాత మిల్లులు కూలినా, నీరా అదార్కర్, మీనా మీనన్ కార్మికుల నోటిమాటలను సేకరించి 2004లో గ్రంథస్థం చేశారు. ఆ మిల్లు వాడలకు తెలంగాణనుంచి వలసవెళ్లిన పద్మశాలీలు కూడా ఉన్నారన్న సంగతి తెలుగు శాఖలకు గుర్తుచేయవలసి రావడమే విచిత్రం.

స్థానిక రాజకీయాలకు మాత్రం మిల్లు ఎన్నడూ మరపునకు రాలేదు. ప్రతి ఎన్నికలోనూ అది వాగ్దానమయింది. మూతపడ్డాక భూమి అయింది, ప్లాట్లయింది. ఇంటిస్థలాల కోసం మాజీ కార్మికులు ఏళ్లతరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు. 2017లో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. పేరు గమనించదగినది: మళ్లీ కాకతీయమే. ఏడువందల ఏళ్లనాటి రాజవంశం పేరు ఎవరికీ బాకీపడదు. మూతపడిన మిల్లు పేరు తలచుకొంటే జీతాల లెక్క, స్థలాల లెక్క అడిగేవారు ముందుకు వస్తారు. పాలకుల ఈ ఎంపిక అర్థం కానిది కాదు. సదస్సు తరువాత సదస్సుగా ‘ఓరుగల్లు సాహిత్యవైభవం’ అనే అదే చట్రాన్ని పరిశోధకులు కూడా ఎత్తుకోవడమే సమర్థించరానిది. కాళోజీ గొడవ తోరణాలతో కాదు. శాసనమండలిలో కూర్చున్నా, 1978లో సత్తుపల్లిలో ముఖ్యమంత్రిపై పోటీకి నిలిచినా, ఆయన అడిగింది సామాన్యుని లెక్కే.

మిల్లు కట్టడాలు పోయాయి. సంఘ కార్యాలయాల కాగితాలు అటకలమీద ఉన్నంతకాలమే ఉంటాయి. పిహెచ్.డి. అంశాల జాబితాలో ఒక కవి సమగ్ర సాహిత్యపరిశీలనకు ఇచ్చే స్థానాలలో కనీసం ఒకటి, పదవీ విరమణ చేసిన కార్మికుల ఇండ్లకు వెళ్లి ఆ పాటలను, మాటలను రికార్డు చేసే పనికి ఈ విద్యాసంవత్సరంలోనే కేటాయించవలసి ఉంది.